పింజర పిల్లలు పెట్టే కాలంలోనే మన కలుపు పనులు

జూన్‌లో తొలకరి పడగానే పల్నాడులో పత్తి గింజ భూమిలో పడుతుంది. మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల, సత్తెనపల్లి నల్లరేగళ్లలోనూ, అటు మార్కాపురం వైపు చేలలోనూ ఆడకూలీల ముఠాలు తెల్లవారకముందే ఆటోలెక్కుతాయి. మొదట గింజ నాటడం, తర్వాత కలుపు, ఆ తర్వాత మిరప నాట్లు. ఈ పనులన్నీ నడుం వంచి, చేతులు మట్టిలో పెట్టి, చాలావరకు ఉత్త కాళ్లతో చేసేవే. సరిగ్గా ఆ వారాల్లోనే అవే గట్ల మీద, అవే ఎలక బొరియల పక్కన రక్తపింజర పిల్లల్ని పెడుతుంది.

ఈ రెండూ ఒకే కాలంలో వస్తాయని మన పల్లెల్లో అందరికీ తెలుసు. అయితే కడుపుతో ఉన్న పాము ఎదురైతే ఏం చేయాలో చెప్పేవాళ్లు తక్కువ. కొందరు కొట్టి చంపమంటారు. కొందరు దణ్ణం పెట్టుకుని పాలు పోయమంటారు. రెండు పనులకూ మనిషి పాముకు దగ్గరగా పోవాలి. ఆ పోయే మనిషి ఎక్కువసార్లు మన పల్లె మనిషే అవుతాడు. ఆసామి గట్టు మీద నిలబడి "చూడు, చూడు" అంటుంటాడు, కర్ర పట్టుకుని ముందుకు పోయేది కూలీ.

అందుకే ఈ వ్యాసం. కడుపుతో ఉన్న పాము గురించి తెలుసుకోవాల్సింది, దాన్ని పట్టే విద్య ఎవరిదో, ఆ విద్యకు ఈ దేశం ఇచ్చిన విలువ ఎంతో, కాటు పడితే ఏం చేయాలో, ఎవరిని ఏం అడగాలో ఒకచోట చెప్పాలనుకున్నాం.

గుడ్లు పెట్టేవి, పిల్లల్ని పెట్టేవి

పాములన్నీ గుడ్లే పెడతాయని చాలామంది అనుకుంటారు. మన చేలలో కనిపించే వాటిలో తాచుపాము, కట్లపాము, జెర్రిపోతు, నీరుకట్టె గుడ్లు పెడతాయి. రక్తపింజర, చిన్న పింజర, జనం రెండు తలల పాము అని పిలిచే ఇసుక పాము పిల్లల్నే పెడతాయి. వీటి గుడ్లు తల్లి కడుపులోనే పొదుగుతాయి, పిల్లలు కదులుతూ బయటికి వస్తాయి.

తాచుపాము ఎక్కువగా ఏప్రిల్ నుంచి జులై లోపు ఎలక బొరియల్లో, చెదపుట్టల్లో గుడ్లు పెడుతుంది. ఒక్కో విడతకు 10 నుంచి 30 దాకా ఉంటాయి. అవి పొదగడానికి రెండు నెలల వరకు పడుతుంది. అన్ని రోజులూ తల్లి గుడ్ల దగ్గరే ఉండి కాపలా కాస్తుంది. పుట్టను పలుగుతో కదిపినప్పుడు తాచు బుస్సుమని లేచిందంటే అది పగ కాదు, గుడ్ల మీద కాపలా.

రక్తపింజర పద్ధతి వేరు. చలికాలంలో జత కడుతుంది. ఆరు నెలలకు పైగా కడుపు మోస్తుంది. మే నుంచి మొదలై ఎక్కువగా జూన్, జులై నెలల్లో పిల్లల్ని పెడుతుంది. ఒక్క కాన్పులో 20 నుంచి 40 పిల్లలు సాధారణం. పుట్టిన పిల్ల జానెడు పొడవు ఉంటుంది. పుట్టిన క్షణం నుంచే దానికి కోరలూ ఉంటాయి, విషమూ ఉంటుంది. తల్లి పిల్లల్ని పెంచదు. కాసేపటికే ఎవరి దారి వాళ్లదే. అందువల్ల ఒక చేలో ఒక్క పింజర పిల్ల కనిపించిందంటే చుట్టుపక్కల ఇంకా చాలా ఉన్నాయనే లెక్క వేసుకోవాలి. తల్లి పగబట్టి వెతుక్కుంటూ వస్తుందన్నది మాత్రం ఉత్త మాట. వెతికే అవసరం దానికి లేదు.

కడుపుతో ఉందని గుర్తుపట్టడం

కడుపుతో ఉన్న పాముకు ఒంటి వెనక సగం లావెక్కుతుంది. ఆ లావు ఒకచోట ముద్దలా కాకుండా బారుగా ఉండి, తోక దగ్గరికి వచ్చేసరికి ఉన్నట్టుండి సన్నబడుతుంది. ఎలకను మింగిన పాముకైతే ఒంటి నడుమ ఒకేచోట ఉబ్బు కనిపిస్తుంది. దూరం నుంచి ఈ తేడా తెలిస్తే చాలు. దగ్గరికి పోయి నిర్ధారించుకోవాల్సిన పని లేదు.

నడవడికలోనూ మార్పు వస్తుంది. కడుపుతో ఉన్న పింజర పొద్దునపూట గట్టు మీద, పత్తికట్టె మోపుల పక్కన, రాళ్ల కుప్పల దగ్గర ఎక్కువసేపు ఎండ కాగుతుంది. లోపలి పిల్లలు ఎదగడానికి వెచ్చదనం కావాలి, పాము ఒంట్లో ఆ వెచ్చదనం పుట్టదు, ఎండ నుంచి తెచ్చుకోవాలి. చివరి వారాల్లో తిండి తగ్గిస్తుంది, చాలాసార్లు పూర్తిగా మానేస్తుంది. బరువు వల్ల వేగంగా పారిపోలేదు. పారిపోలేని పాము ఉన్నచోటే చుట్ట చుట్టుకుని పెద్దగా బుసకొడుతుంది. ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు వినిపించే ఆ బుస మనకు ఒక హెచ్చరిక. అది విన్న చోటే ఆగి, వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి నడవాలి.

చేలో కనిపిస్తే, ఇంట్లో కనిపిస్తే

చేలో కనిపిస్తే చేయాల్సింది చాలా తక్కువ. ముఠాలో అందరికీ చెప్పాలి. ఆ సాలు, ఆ గట్టు వదిలి పని అటువైపు మార్చాలి. పాము వెళ్లిపోవడానికి దారి ఇవ్వాలి. నలువైపులా మూగితే దానికి కాటు వేయడం తప్ప మార్గం ఉండదు. మేస్త్రీ లేదా ఆసామి "పర్లేదు, చేయండి" అన్నా ఒప్పుకోవద్దు. ఆ గంట పనికి కూలి కోయకూడదని కూడా గట్టిగా అడగాలి.

పాడుబడిన గట్లు, గడ్డివాములు, పత్తికట్టె గుట్టలు మే, జూన్ నెలల్లో ఒక్కసారిగా తగలబెట్టడం, పెకలించడం జరుగుతుంటుంది. కడుపుతో ఉన్న పాములు బయటపడేది అప్పుడే. కట్టె తీసేటప్పుడు మొదట పొడవాటి కర్రతో తట్టి, కాసేపు ఆగి, పైనుంచి ఒక్కో మోపూ దించాలి. కింద చేయి పెట్టి లాగకూడదు. పొయ్యిలోకి పత్తికట్టె వాడే ఇళ్లన్నీ మనవే కాబట్టి ఈ మాట మళ్లీ మళ్లీ చెప్పుకోవాలి. కట్టెను ఇంటి గోడకు ఆనించి పేర్చవద్దు. కట్టెలో ఎలకలు చేరతాయి, ఎలకల వెంట పాము వస్తుంది.

ఇంట్లోనో, బడిలోనో, హాస్టల్లోనో కనిపిస్తే పిల్లల్ని బయటికి పంపి, పాము ఎటు పోతోందో ఒక మనిషి దూరం నుంచి కనిపెట్టుకుని ఉండాలి. అటవీ శాఖకు, తెలిసిన పాములు పట్టే మనిషికి ఫోన్ చేయాలి. ఫొటో కోసం, వీడియో కోసం దగ్గరికి పోవద్దు.

పట్టడం తెలిసినవాళ్లు కూడా కడుపుతో ఉన్న పాము దగ్గర ఇంకొంచెం జాగ్రత్త పడాలి. తోక పట్టుకుని వేలాడదీయడం వీడియోల్లో చూడటానికి బాగుంటుంది గానీ, ఆ బరువంతా వెన్ను మీదా లోపలి పిల్లల మీదా పడుతుంది. మెడ నొక్కిపట్టడం, ఒంటిని కర్రతో అదమడం కూడా అంతే హాని. మంచి పద్ధతి సులువైనదే. ఒక వెడల్పాటి పీవీసీ గొట్టం చివర గుడ్డ సంచి కట్టి, గొట్టం మూతిని పాము ముందు పెడితే, చీకటి బొరియ అనుకుని అదే లోపలికి పోతుంది. ఆ సంచిని గాలి తగిలే డబ్బాలో, నీడలో ఉంచాలి. ఎండలో బండి డిక్కీలో పెడితే గంటలోపే చచ్చిపోతుంది. మేత పెట్టకూడదు. పాలు అసలే వద్దు. పాము పాలు తాగే జీవి కాదు.

పట్టిన పామును అదే రోజు, దొరికిన చోటుకు దగ్గర్లోనే, మనుషులు తిరగని పొదల్లో వదలాలి. ఇరవై ముప్పై కిలోమీటర్లు తీసుకుపోయి అడవిలో వదిలితే మంచిదనుకుంటాం. కొత్త చోట దానికి బొరియ తెలియదు, నీడ తెలియదు, తిండి తెలియదు. తిరిగి తిరిగి రోడ్ల మీద, ఇళ్ల మధ్య చస్తుంది. కడుపుతో ఉన్నదైతే ఇంకా త్వరగా. పిల్లలు పెట్టేదాకా చూద్దామని డబ్బాలో ఉంచుకోవడం మరీ తప్పు. 30 పింజర పిల్లలు ఒక్కసారిగా బయటికొస్తే ఆ గదిలో ఎవరూ క్షేమంగా ఉండలేరు. పైగా చట్టం దృష్టిలో అది నేరం.

గుడ్లు బయటపడితే తాకకుండా మట్టి కప్పేయడం మేలు. ఇల్లు కట్టే పునాదిలోనో, ఉండే గదిలోనో ఉంటే అటవీ శాఖకు చెప్పాలి. తప్పనిసరై వాళ్లు తీయాల్సి వస్తే గుడ్డు ఏ వైపు పైకి ఉందో అదే వైపు ఉంచి తీస్తారు. కోడిగుడ్డులా అటూ ఇటూ దొర్లిస్తే లోపలి పిల్ల చనిపోతుంది.

పట్టే చేతులు ఎవరివి, పేరు ఎవరిది

రక్తపింజరకు ప్రపంచమంతా ఉన్న పేరు రస్సెల్స్ వైపర్. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడి పేరది. 1780లలో విశాఖపట్నంలో ఉండి, ఈస్టిండియా కంపెనీ కొలువులో మన తీరంలోని పాముల మీద పుస్తకం రాశాడు. అది 1796లో లండన్లో అచ్చయింది. ఆ పుస్తకంలో ఆయన ఈ పామును తెలుగు పేరుతోనే రాసుకున్నాడు: కాటుక రేకుల పొడ. కట్లపాముల జాతికి శాస్త్రం పెట్టిన బంగారస్ అనే పేరు కూడా మన బంగారు అనే మాట నుంచే వెళ్లింది.

ఆ పేర్లు ఆయనకు చెప్పింది ఎవరు? బుట్టల్లో, కుండల్లో పాములు తెచ్చి ఆయన ముందు పెట్టింది ఎవరు? ఈ నేల మీద పాము పట్టే విద్య తరతరాలుగా ఎవరి చేతుల్లో ఉందో మనకు తెలుసు. ఊరి బయట బతికే కులాలు, తెగలవి ఆ చేతులు. పాముకు రస్సెల్ పేరు మిగిలింది. పట్టి తెచ్చినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

ఇప్పటికీ కథ పెద్దగా మారలేదు. గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో చేలలో ఎలకలు పట్టే యానాదులకు ఏ బొరియలో ఎలక ఉందో, ఏ బొరియలో పాము ఉందో మట్టి చూసి చెప్పే నేర్పు ఉంది. బూర ఊదుతూ ఊరూరా తిరిగిన పాములవాళ్లు బీసీ ఏ జాబితాలో పాముల పేరుతోనే ఉన్నారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక పామును పట్టడం, దగ్గర ఉంచుకోవడం, ఆడించడం నేరమయ్యాయి. పాముకు రక్షణ అవసరమే, అందులో మాకు రెండో మాట లేదు. ఆ ఆటలో పాము కోరలు పీకేవాళ్లు, మూతి కుట్టేవాళ్లు, అదీ నిజమే. అయితే బతుకుదెరువు తీసేసినవాళ్లు బదులుగా ఇంకో బతుకుదెరువు చూపించారా అన్నదే ప్రశ్న. ఆ కుటుంబాల్లో చాలామంది ఇప్పుడు పాత బట్టలకు స్టీలు సామాన్లు అమ్ముకుంటూనో, అడుక్కుంటూనో, కూలి చేసుకుంటూనో బతుకుతున్నారు.

ఇంకో దారి ఉందని పక్క రాష్ట్రం చూపించింది. పాము తోళ్ల వ్యాపారాన్ని నిషేధించాక తమిళనాడు ఇరుల తెగవాళ్లు కూడా ఇలాగే రోడ్డున పడ్డారు. 1978లో రోములస్ విటేకర్ తోడ్పాటుతో వాళ్లు ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. మహాబలిపురం దగ్గర వడనెమ్మేలిలో అది ఉంది. అనుమతి తీసుకుని పాములు పట్టి, మట్టి కుండల్లో కొద్ది వారాలు ఉంచి, విషం తీసి, మళ్లీ వదిలేస్తారు. దేశంలో పాముకాటుకు ఇచ్చే మందు తయారీకి కావాల్సిన విషంలో చాలా భాగం దశాబ్దాలుగా ఆ సంఘం నుంచే వెళ్తోంది. ఆ తెగకు చెందిన మాసి సదయన్, వడివేల్ గోపాల్‌లను 2017లో అమెరికాలోని ఫ్లోరిడాకు పిలిపించుకున్నారు, అక్కడి చిత్తడి అడవుల్లో పెరిగిపోయిన కొండచిలువలను వెతికి పట్టడానికి. 2023లో వాళ్లిద్దరికీ పద్మశ్రీ వచ్చింది. అదే విద్య ఉన్న మన యానాది, పాముల కుటుంబాలకు ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి సంఘం ఒకటి ఎందుకు ఉండకూడదు?

సంఘం లేదు గానీ బ్రోకర్లు ఉన్నారు. రెండు తలల పాము ఇంట్లో ఉంటే లంకెబిందెలు దొరుకుతాయనీ, లక్షలు కోట్లు పలుకుతుందనీ చెప్పి పేద కుర్రాళ్లతో పట్టిస్తారు. నిజానికి దానికి ఉన్నది ఒకటే తల. తోక మొద్దుగా ఉండటం వల్ల రెండో తలలా కనిపిస్తుంది. విషం లేదు, మహిమ అసలే లేదు. ఇదీ పిల్లల్ని పెట్టే పామే. బరువు ఎక్కువ ఉంటే ధర ఎక్కువని అంటారు కాబట్టి కడుపుతో ఉన్నదాని మీదే కన్ను ముందు పడుతుంది. పట్టుబడినప్పుడు బైకు మీద గోనెసంచితో దొరికేది కూలీ కుర్రాడు. ఫోన్లో బేరం చేసినవాడు ఎక్కువగా దొరకడు. విద్యార్థి మిత్రులు తమ ఊళ్లలో ఈ మాట గట్టిగా చెప్పాలి: ఇది జైలుకు దారి, లంకెబిందెలకు కాదు.

మరోవైపు పట్నాల్లో బాల్ పైథాన్ లాంటి విదేశీ పాములను పెంచుకునే ముచ్చట పెరుగుతోంది. చట్టం జాబితాలో ఉన్న విదేశీ జాతుల్ని పెంచుకునేవాళ్లు వాటిని ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి, వాటికి పిల్లలు పుడితే ఆ సంగతీ తెలపాలి. అందుకోసం 2024లో నియమాలు వచ్చాయి, ఆన్‌లైన్‌లో నమోదు చేసుకునే ఏర్పాటూ వచ్చింది. డబ్బున్న ముచ్చటకు పోర్టల్ దొరికింది. తాతల నాటి విద్యకు కేసు దొరికింది. ఈ తేడాకు పాముతో సంబంధం లేదు.

చట్టం గురించి ఇంకో రెండు మాటలు. మన దేశపు పాములను పట్టి పెంచుకోవడమే కాదు, వాటి గుడ్లను పాడుచేయడం, కదిలించడం కూడా చట్టం భాషలో వేట కిందికే వస్తుంది. అయితే తన ప్రాణాన్నో, పక్కవారి ప్రాణాన్నో కాపాడుకోవడానికి సదుద్దేశంతో చంపాల్సి వస్తే అది నేరం కాదని 11వ సెక్షన్ చెబుతోంది. కూలీని బెదిరించి డబ్బు గుంజడానికి ఎవరైనా ఈ చట్టం పేరు ఎత్తితే ఈ సెక్షన్ గుర్తుచేయాలి.

యాగం ఒకరికి, కాటు ఇంకొకరికి

2018 ఆగస్టులో మన బాపట్ల జిల్లా రేపల్లెకు కృష్ణ అవతల ఉన్న దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగాయి. వానలకూ వరదకూ బొరియలు మునిగాయి, పాములు గట్ల మీదికి చేరాయి, అదే సమయంలో వరి నాట్లు జరుగుతున్నాయి. కొద్ది వారాల్లోనే వందమందికి పైగా కాటుకు గురయ్యారని పత్రికలు రాశాయి. అప్పుడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో దేవాదాయ శాఖ సర్పశాంతి యాగం జరిపించింది. ఎవరి నమ్మకం వారిది. మేము అడిగేది ఒకటే. ఆ నాట్లు వేసే ఆడవాళ్ల కాళ్లకు బూట్లు ఇవ్వడానికి ఏ శాఖ ముందుకొచ్చింది?

లెక్కలు చూస్తే విషయం ఎంత పెద్దదో తెలుస్తుంది. 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో చనిపోయినవాళ్లు సుమారు 12 లక్షలు. ఏడాదికి సగటున 58 వేలు. అందులో సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబర్ మధ్యే. నాలుగో వంతుకు పైగా 15 ఏళ్లలోపు పిల్లలు. ఎక్కువ మరణాలు సంభవించే ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంతకుముందు అదే వరుసలో వచ్చిన అధ్యయనం 2005 ఒక్క ఏడాదిలో ఉమ్మడి రాష్ట్రంలో 6,200 మంది చనిపోయారని అంచనా వేసింది. ఉత్తరప్రదేశ్ తర్వాత దేశంలో రెండో స్థానం మనదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల్లో చేర్చింది. వ్యాధిని నిర్లక్ష్యం చేశారంటే ఆ వ్యాధి వచ్చే మనుషుల్ని నిర్లక్ష్యం చేశారనే అర్థం.

ఈ జిల్లాల్లో ఆ మనుషులు ఎవరో చెప్పడానికి సర్వే అక్కర్లేదు. భూమి లేక ఇంకొకరి చేలో వంగి పనిచేసే మాల, మాదిగ ఆడవాళ్లు. చెరువు గట్టున, డొంక పక్కన, వీధి దీపం లేని పల్లెలో ఇల్లున్నవాళ్లు. మిరపకోతలకు జనవరిలో కర్నూలు పడమటి మండలాల నుంచి పిల్లాజెల్లాతో వచ్చి, చేల పక్కన పట్టాల గుడిసెల్లో నేల మీద పడుకునే వలస కుటుంబాలు. మిరప కల్లాల దగ్గర రాత్రిళ్లు కాపలా ఉండేవాళ్లు. నేల మీద పడుకున్నవాళ్లను కరిచేది ఎక్కువగా కట్లపాము. ఆ కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలవుతాయి. ఏదో తిన్నది పడలేదనుకుంటూ కూర్చుంటే ప్రాణం పోతుంది.

కాటు పడితే

కరిచిన మనిషిని పడుకోబెట్టి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టాలి. ఉంగరాలు, మెట్టెలు, గాజులు, కడియాలు తీసేయాలి. వాపు వచ్చాక అవి ఒంట్లోకి దిగబడిపోతాయి. గట్టిగా తాడు బిగించకూడదు, బ్లేడుతో కోయకూడదు, నోటితో పీల్చకూడదు, పసరు పోయకూడదు. మంత్రం కోసం పోయే అరగంట ఆసుపత్రికి పోయే అరగంటే. 108కి ఫోన్ చేయాలి. పాముకాటు సలహా కోసం కేంద్రం ప్రయోగాత్మకంగా పెట్టిన 15400 నంబరుకు ఎంపికైన ఐదు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. పామును చంపి తీసుకుపోవాల్సిన అవసరం లేదు. మన దగ్గర ఇచ్చే మందు తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే.

రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. దాన్ని కనిపెట్టడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. కొద్దిగా రక్తం తీసి శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టు. ఈ పరీక్ష ఏ పీహెచ్‌సీలోనైనా చేయొచ్చు. మందు మొదటి మోతాదే 8 నుంచి 10 వయల్స్. చిన్న పిల్లలకైనా అదే మోతాదు, ఎందుకంటే పాము పిల్లలకని తక్కువ విషం ఎక్కించదు.

కడుపుతో ఉన్న ఆడమనిషి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆరో నెల, ఏడో నెల వచ్చేదాకా కూలికి పోయేవాళ్లు మన పల్లెల్లో ఎంతోమంది. అలాంటి మనిషిని పాము కరిస్తే, ఈ మందు బిడ్డకు పడదేమోనని ఇంట్లోవాళ్లు వెనకాడతారు. గర్భం ఉందని మందు ఆపకూడదని వైద్య మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. బిడ్డకు ప్రమాదం విషం వల్ల, దాని వల్ల జరిగే రక్తస్రావం వల్ల. తల్లికి ఎంత త్వరగా మందు ఎక్కితే బిడ్డకు అంత మేలు. ఆసుపత్రిలో అడుగు పెట్టగానే ఎన్నో నెలో చెప్పాలి. మందు ఎక్కించాక కాన్పుల డాక్టర్ ఉన్న పెద్దాసుపత్రికి పంపమని అడగాలి. ముందు మందు, తర్వాత ప్రయాణం.

ఆసుపత్రి కాగితాలు జాగ్రత్త చేయడం మర్చిపోవద్దు. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు పోయే ప్రధానమంత్రి సురక్షా బీమా పాముకాటు మరణానికి కూడా వర్తిస్తుంది, 2 లక్షల రూపాయలు వస్తాయి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోయినట్టు రికార్డు ఉండాలి. మంత్రగాడి దగ్గరే ప్రాణం పోయి, నేరుగా దహనమో ఖననమో చేసేస్తే ఆ కుటుంబానికి ఏ ఆధారమూ మిగలదు.

అడగాల్సినవి

2024 మార్చిలో కేంద్రం పాముకాటు నివారణకు జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించడం లక్ష్యం. అదే ఏడాది నవంబర్లో, పాముకాటును తప్పనిసరిగా నమోదు చేయాల్సిన వ్యాధిగా ప్రకటించమని రాష్ట్రాలను కోరింది. కాగితం మీద ఉన్నదాన్ని పల్లెకు దింపాల్సింది మనమే.

విద్యార్థులు, కార్యకర్తలు మే నెలలోనే మొదలుపెట్టగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. మీ మండలం పీహెచ్‌సీలో పాముకాటు మందు ఎన్ని వయల్స్ ఉన్నాయో, రాత్రిపూట ఎక్కించే డాక్టర్ ఉన్నారో లేదో సమాచార హక్కు కింద అడగండి. పది వయల్స్ లేని చోట ఒక్క మనిషికి కూడా మొదటి మోతాదు సరిపోదు. పని ఇచ్చే ఆసామే ముఠాకు మోకాలి కింది దాకా వచ్చే బూట్లు, కలుపుకు చేతి తొడుగులు ఇవ్వాలని కూలి బేరంతో పాటే మాట్లాడుకోండి. కాట్లలో ఎక్కువ భాగం కాళ్ల మీదే. బురద చేలో బూటు కష్టమని ఆడవాళ్లు చెబితే అది నిజమే, అలాంటి చోట కనీసం గట్ల మీద, కట్టె దగ్గర వేసుకునేలా చూడాలి. పల్లెలో వీధి దీపాలు, సంక్షేమ హాస్టళ్లలో మంచాలు, చుట్టూ పొదలు కొట్టడం, వలస కూలీల గుడిసెలకు మంచాలూ దోమతెరలూ పంచాయతీని, అధికారుల్ని అడగాల్సినవే. పరుపు కిందికి దోపిన దోమతెర దోమనే కాదు, కట్లపామునూ ఆపుతుంది.

పాములు పట్టే విద్య ఉన్న యానాది, పాముల యువకులకు అటవీ శాఖ శిక్షణ ఇచ్చి, గుర్తింపు కార్డు, పరికరాలు, బీమా, నెలజీతం ఇవ్వాలని కూడా అడగాలి. ఇవాళ అర్ధరాత్రి ఫోన్ చేస్తే వచ్చి పాము పట్టి, ఇచ్చినంత తీసుకుని పోయే ఆ మనిషికి కాటు పడితే అడిగే దిక్కు లేదు.

కడుపుతో ఉన్న పింజర ఆ గట్టు మీదికి మన మీద కోపంతో రాలేదు. దానికి ఎండ కావాలి, బొరియ కావాలి, ఎలకలు కావాలి. మన ఆడవాళ్లూ ఆ గట్టు మీదికి సరదాకు పోలేదు. ఆ రోజు కూలి కావాలి. పాముకు దారి ఇవ్వడం మన చేతిలో ఉన్న పని, అది చేద్దాం. బూటు, దీపం, మంచం, మందు ఇవ్వడం వేరేవాళ్ల చేతిలో ఉన్న పని. తొలకరి పడకముందే వాళ్ల చేత అది చేయిద్దాం.